రెండో బ్యాటరీ ఎవరు కొంటారు?
ఐటీడీఏ ప్రాజెక్టు అధికారులకు బహిరంగ లేఖ

పాడేరు, రంపచోడవరం, చింతూరు, సీతంపేట, పార్వతీపురం, కోట రామచంద్రపురం, శ్రీశైలం, ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం ఐటీడీఏల ప్రాజెక్టు అధికారులకు,



ఈ రోజుల్లో మీ బల్ల మీదకు ఒకే రకం ఫైలు మళ్లీ మళ్లీ వస్తూ ఉంటుంది. కొండ మీద ఒక చిన్న ఊరు. కరెంటు స్తంభాలు వేయాలంటే కిలోమీటర్ల కొద్దీ లైను, అటవీ అనుమతులు, ఇళ్ల సంఖ్యతో పోలిస్తే మోయలేని ఖర్చు. దాని బదులు బ్యాటరీలతో కలిపి చిన్న సోలార్ ప్లాంటు పెడితే కొద్ది నెలల్లో ఊరికి వెలుగు వస్తుందని కింద నోట్ ఉంటుంది. ఆ ఫైలు మీద సంతకం పెట్టండి. ఆ ఊళ్లు ఇప్పటికే చాలా కాలం ఎదురుచూశాయి. అయితే పెన్ను తీసే ముందు ఆ కాగితాల్లో ఒక్క విషయం రాసి ఉందో లేదో వెతకండి. మొదటి బ్యాటరీ అరిగిపోయాక రెండో బ్యాటరీ ఎవరు కొంటారు? ఏ ఖాతాలోంచి కొంటారు? ఆ ఖాతాలో డబ్బు ఏ నెల నుంచి పడుతుంది? ఈ మూడింటికీ జవాబు లేని ఫైలును వెనక్కి పంపి, జవాబు రాయించుకుని అప్పుడు సంతకం పెట్టండి. నా మనవి అదే.

నేను విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం సబ్‌స్టేషన్లలో గడిచింది. ప్రతి సబ్‌స్టేషన్‌లోనూ ఒక బ్యాటరీ గది ఉంటుంది. లైన్లో ఏదైనా తేడా వస్తే బ్రేకరు పడాలన్నా, రిలే పనిచేయాలన్నా ఆ బ్యాటరీల్లో ప్రాణం ఉండాలి. అందుకే దానికంటూ ఒక రిజిస్టరు ఉంటుంది. సెల్లు సెల్లుకూ వోల్టేజీ, గ్రావిటీ చూసి రాస్తారు. డిస్టిల్డ్ వాటర్ తగ్గితే పోస్తారు. ఆయుష్షు తీరుతోందని తెలియగానే కొత్త సెట్టుకు ఇండెంటు పెడతారు. కోట్ల విలువైన పరికరాలను కాపాడే బ్యాటరీకి మేం ఇచ్చే ఆ శ్రద్ధలో పదోవంతు కూడా కొండ మీద ఊళ్లో పెట్టిన బ్యాటరీకి దక్కడం లేదు. రాత్రి పూట ఆ ఊరు మొత్తం దాని మీదే బతుకుతుంది కదా!

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, ఇప్పుడు డబ్బు వస్తోంది. 2023 నవంబరు 15న ఝార్ఖండ్‌లోని ఖుంటీలో ప్రారంభమైన పీఎం జన్‌మన్ పథకం కింద, గ్రిడ్ లైను వేయడం కుదరని చోట ఆదిమ గిరిజన కుటుంబానికి 0.3 కిలోవాట్ల సోలార్ ఏర్పాటు ఇస్తున్నారు. ఇంటికి 50 వేల రూపాయల వరకు కేంద్రం భరిస్తుంది. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటే అందరికీ కలిపి ఒకే చిన్న ప్లాంటు పెట్టుకునే వీలు కూడా ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో చెంచులు, కొండరెడ్లు, కొండ సవరలు, కోలాములు, తోటీలు, అలాగే గదబ, పోర్జ, ఖోండుల్లో కొన్ని ఉపతెగలవాళ్లు దీనికి అర్హులు.

దీనికంటే ముందు 2017లో సౌభాగ్య పథకం వచ్చింది. మారుమూల ఇళ్లకు 200 నుంచి 300 వాట్ల ప్యానెల్, ఒక బ్యాటరీ, అయిదు ఎల్‌ఈడీ బల్బులు, ఒక డీసీ ఫ్యాను, ఒక ప్లగ్గు ఇచ్చే ఏర్పాటు అందులో ఉంది. అయిదేళ్ల మరమ్మతు బాధ్యత కూడా రాసుకున్నారు. 2018, 2019లో బిగించిన వాటికి ఆ గడువు దాటిపోయింది. కొత్తవి మంజూరు చేసే ముందు మీ పరిధిలో ఆ పాతవి ఎన్ని వెలుగుతున్నాయో, ఎన్ని ఇళ్ల కప్పుల మీద ప్యానెల్ ఊరికే పడి ఉందో ఇంటింటికీ మనిషిని పంపి లెక్క తీయించండి. ఆ లెక్క ఏ కన్సల్టెంటు నివేదిక కన్నా మీకు ఎక్కువ చెబుతుంది.

ఇక్కడ బీహార్‌లోని ఒక ఊరి సంగతి చెప్పాలి. జెహానాబాద్ జిల్లాలో ధర్నయి అనే ఊరుంది. ముప్పై ఏళ్లకు పైగా అక్కడ కరెంటు లేదు. 2014 జూలైలో గ్రీన్‌పీస్ ఇండియా మరో రెండు సంస్థలతో కలిసి అక్కడ 100 కిలోవాట్ల సోలార్ మైక్రోగ్రిడ్ నెలకొల్పింది. అందులో 70 కిలోవాట్లు ఇళ్లకు, దుకాణాలకు, వీధి దీపాలకు. 30 కిలోవాట్లు సాగునీటి పంపులకు. సుమారు 450 ఇళ్లు, 2,400 జనాభా, బళ్లు, ఒక ఆరోగ్య కేంద్రం దాని కిందకు వచ్చాయి. 3 కోట్ల రూపాయల దాకా ఖర్చయింది. దేశంలోనూ బయటా పత్రికలు ఆ ఊరి గురించి రాశాయి. కిరసనాయిలు దీపాల ఊరు ఒక్కసారిగా ఆదర్శ గ్రామమైంది.

అయితే ప్రారంభోత్సవానికి మాజీ ముఖ్యమంత్రి హోదాలో నితీశ్ కుమార్ వెళ్లినప్పుడు అక్కడి జనం వరసకట్టి నిలబడి, తమకు అసలు కరెంటు కావాలని, నకిలీ కరెంటు వద్దని నినాదాలు చేశారు. వాళ్ల దృష్టిలో అసలుది స్తంభాల మీద నుంచి వచ్చేది, నకిలీది సోలార్‌ది. చాలామంది దాన్ని అజ్ఞానం అన్నారు. నేను అలా అనుకోను. ఆ జనం తమ అనుభవాన్నే చెప్పారు. టీవీలు, ఫ్రిజ్‌లు తగిలించగానే కొద్ది రోజుల్లోనే బ్యాటరీలు ఖాళీ అయ్యాయి. సోలార్ యూనిట్‌కు 9 రూపాయలు, అంతకు పైనా పడింది. గ్రిడ్ కరెంటు వాడే పక్క ఊళ్లలో యూనిట్ 3 రూపాయలే. పేదవాడి దగ్గర మూడింతలు తీసుకుని, ఫ్రిజ్ పెట్టుకోవద్దని చెప్పే కరెంటును అతను రెండో తరగతి కరెంటుగా చూడడంలో తప్పేముంది?

ఆ గొడవ తర్వాత ప్రభుత్వం కదిలి స్తంభాలు వేసింది. చవక కరెంటు ఇంటికి వచ్చాక మైక్రోగ్రిడ్‌కు డబ్బు కట్టేవాళ్లు తగ్గారు. డబ్బు రాకపోయేసరికి నిర్వహణ ఆగింది. మూడేళ్లకు బ్యాటరీల పని అయిపోయింది. మార్చడానికి ఎవరి దగ్గరా నిధి లేదు. 2021 చివరికి ఆ ప్లాంటు ఆవరణలో పశువులను కట్టేస్తున్నారని వార్త వచ్చింది. ప్యానెళ్లకు ఇంకా పదిహేను, ఇరవై ఏళ్ల ఆయుష్షు మిగిలే ఉంది. వాటి మీద ఎండ పడుతూనే ఉంది. ఎద్దును కొనిచ్చి గడ్డి సంగతి ఎవరూ పట్టించుకోనట్టయింది ఆ ఊరి పని.

ఈ కథలో సాంకేతిక లోపం చాలా తక్కువ. ప్లాంటు పెట్టేటప్పుడు ఆదర్శం గురించి ఆలోచించారు, పదో సంవత్సరం గురించి ఆలోచించలేదు. మన ఏజెన్సీలో పెట్టబోయే ప్లాంట్ల అంచనా పత్రాలు చూసినా నాకు అదే భయం వేస్తుంది. ప్యానెల్‌కు ఎన్ని వాట్లు, స్ట్రక్చర్‌కు ఎంత ఇనుము, శిలాఫలకానికి ఎంత అని ఉంటుంది. అయిదేళ్ల ఏఎంసీ, అంటే నిర్వహణ ఒప్పందం, అని ఒక ముక్క ఉంటుంది. ఆ తర్వాత ఏమీ ఉండదు.

బ్యాటరీ ఎలా చస్తుందో కాస్త వివరంగా చెప్పనివ్వండి. ప్లాంటులో మిగతావన్నీ నిదానంగా ముసలివవుతాయి. ప్యానెల్ ఏడాదికి అర శాతం, ముప్పావు శాతం చొప్పున శక్తి తగ్గుతూ పాతికేళ్లు నడుస్తుంది. ఇన్వర్టర్ ఎనిమిది, పదేళ్లు వస్తుంది. బ్యాటరీ మాత్రం వాడిన ప్రతి రాత్రీ కొంచెం అరుగుతుంది. మనకు అలవాటైన లెడ్ యాసిడ్ ట్యూబులర్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు గబగబా పడిపోతుంది. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీల వేడికీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మే నెలలో రేకుల గదిలో పెట్టిన బ్యాటరీ ఏమవుతుందో ఊహించండి. ఇక ఆషాఢ, శ్రావణాల్లో ఏజెన్సీలో రోజుల తరబడి ముసురు పడుతుంది. ప్యానెల్ నుంచి చాలినంత ఛార్జింగ్ రాదు. బ్యాటరీ అర్ధాకలితో వారాల పాటు అలాగే ఉంటే లోపలి పలకల మీద సల్ఫేటు పెచ్చు కట్టి, తర్వాత ఎంత ఎండ వచ్చినా కోలుకోదు. డిస్టిల్డ్ వాటర్ దొరక్క వాగు నీళ్లు పోస్తే ఇంకా తొందరగా పోతుంది. చూసుకునే మనిషి లేని చోట ఇవి మూడు నుంచి అయిదేళ్లు. ఏఎంసీ గడువూ, బ్యాటరీ గడువూ దాదాపు ఒకేసారి తీరడం మీరు గమనించే ఉంటారు.

అందుకని టెండర్లో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు అడగండి. వీటిలో నీళ్లు పోసే పని లేదు. నిల్వలో 80 శాతం దాకా రోజూ వాడుకోవచ్చు. సగం ఛార్జితో ఉన్నా చెడవు. రోజుకు ఒక సైకిల్ చొప్పున నాలుగు వేల సైకిళ్లు నడిచినా పదేళ్లు దాటుతుంది. లిథియం బ్యాటరీలు అంటుకుంటాయన్న భయం జనంలో ఉంది. ఫోన్లలో వాడే రకాలతో పోలిస్తే ఈ రకం వేడిని బాగా తట్టుకుంటుంది. ధర విషయానికి వస్తే, ప్రపంచ సగటున కిలోవాట్ అవర్ నిల్వకు 2010లో వెయ్యి డాలర్లు దాటి ఉన్న లిథియం ప్యాకు 2024 నాటికి 115 డాలర్లకు దిగింది. ఖరీదు ఎక్కువన్న పాత సాకు ఇప్పుడు చెల్లదు.

వీటిలోనూ ఒక చిక్కు ఉంది. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి వదిలేస్తే లోపలి బీఎంఎస్ అనే రక్షణ సర్క్యూటు తాళం వేసుకుంటుంది. ఊరివాళ్లు బ్యాటరీ చచ్చిందనుకుంటారు. తెలిసిన మనిషి సరైన ఛార్జరు పట్టుకెళ్తే కొన్నిసార్లు ఒక పూటలో లేస్తుంది. ఆ తెలిసిన మనిషి ఎంత దూరంలో ఉన్నాడన్నదే అసలు ప్రశ్న. దాని గురించి కింద రాస్తాను. ముందు డబ్బు సంగతి.

తెలంగాణలో గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 200 యూనిట్ల దాకా ఉచితమే. ఆ కరెంటు ఖర్చు ఎవరూ భరించకుండా పోదు. విద్యుత్ చట్టం 2003లోని 65వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఎవరికైనా రాయితీ ఇవ్వదలిస్తే ఆ మొత్తాన్ని డిస్కమ్‌కు ముందుగానే చెల్లించాలి. అంటే రోడ్డు పక్కన గూడెంలో ఉన్న గిరిజన కుటుంబం కోసం ఖజానా నుంచి నెలనెలా కొంత సొమ్ము కదులుతోంది. అదే తెగకు చెందిన, కొండ మీద సోలార్ ప్లాంటు కింద ఉన్న కుటుంబం కోసం ఒకసారి పెట్టుబడి పెట్టి, ఆ తర్వాత పైసా కదలడం లేదు. ఒకరి కరెంటు ప్రతి నెలా ప్రభుత్వ బాధ్యత అయినప్పుడు మరొకరిది ప్రారంభోత్సవం రోజుతో ఎలా తీరిపోతుంది?

లెక్క వేద్దాం. గ్రిడ్ మీదున్న ఇల్లు నెలకు 60 యూనిట్లు వాడిందనుకోండి. యూనిట్‌కు 5 రూపాయలే అనుకున్నా ఆ ఇంటి మీద ప్రభుత్వం పెట్టేది నెలకు 300 రూపాయలు. ముప్పై ఇళ్ల సోలార్ ఊరికి అదే 300 చొప్పున ఇస్తే నెలకు 9 వేలు, ఏడాదికి 1,08,000, పదేళ్లకు వడ్డీ కాకుండా 10 లక్షల 80 వేలు. అలాంటి ఊరికి సుమారు 65 కిలోవాట్ అవర్ల బ్యాటరీ సరిపోతుంది. కిలోవాట్ అవర్‌కు 15 వేల రూపాయల చొప్పున వేసుకుంటే 9 లక్షల 75 వేలు. అంటే గ్రిడ్ మీదున్న గిరిజన కుటుంబానికి ఇస్తున్నంతే కొండ మీది కుటుంబానికీ ఇస్తే చాలు, రెండో బ్యాటరీ దానంతట అదే వచ్చేస్తుంది. వడ్డీతో ఇన్వర్టర్ కూడా మార్చుకోవచ్చు. కొత్త పథకం అక్కర్లేదు. ఇప్పటికే ఒప్పుకున్న రాయితీని డిస్కమ్ ఖాతాకు బదులు ఊరి బ్యాటరీ ఖాతాలో వేయడమే. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు కావాలి, అది మీ చేతిలో లేదని నాకు తెలుసు. ప్రతిపాదన పంపడం మాత్రం మీ చేతిలోనే ఉంది. ఏజెన్సీ ప్రాజెక్టు అధికారులంతా ఒకే మాట మీద రాస్తే గిరిజన సంక్షేమ శాఖ, విద్యుత్ శాఖ దాన్ని పక్కన పెట్టలేవు.

ఆ ఖాతా గ్రామ సమాఖ్య పేరున, మన రాష్ట్రాల పునరుత్పాదక ఇంధన సంస్థలైన నెడ్‌క్యాప్ లేదా రెడ్కో అధికారితో ఉమ్మడి సంతకం మీద ఉండాలి. బ్యాటరీకి, ఇన్వర్టర్‌కు తప్ప మరి దేనికీ తీయకూడదు. ఊరివాళ్లు తమ తరఫున నెలకు ఎంతో కొంత వేయాలని గ్రామసభలో తీర్మానిస్తే సంతోషమే. అది వాళ్ల ఇష్టం. డబ్బు కడితేనే సొంతమన్న భావన వస్తుందని పట్నంలో కూర్చుని చెప్పేవాళ్ల మాటతో యూనిట్ రేటు రుద్దితే అది ధర్నయి దారే.

ఇప్పుడు మనిషి సంగతి. మీలో చింతూరు, భద్రాచలం వారికి ఇది మరీ దగ్గరి విషయం. సరిహద్దు దాటితే ఛత్తీస్‌గఢ్. ఆ రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ క్రెడా అడవి గ్రామాల్లో పెద్ద సంఖ్యలో చిన్న సోలార్ ప్లాంట్లు పెట్టింది. అక్కడ నేర్చుకోవాల్సింది నిర్వహణ పద్ధతి. ఊళ్లో ఒక ఆపరేటరు ఉంటాడు. ప్యానెళ్లు తుడవడం, బ్యాటరీలు చూడటం, పుస్తకంలో రాయడం అతని పని. కొన్ని ఊళ్లకు కలిపి ఒక టెక్నీషియను, అతను ఊరూరూ తిరుగుతూ ఉంటాడు. పైన జిల్లా స్థాయిలో సంస్థ ఇంజనీర్లు. నిర్వహణ ఖర్చులో పెద్ద వాటా ప్రభుత్వానిదే. అన్ని ప్లాంట్లూ బాగా నడిచాయని నేను అనను. నిర్వహణను బడ్జెట్‌లో శాశ్వత పద్దుగా చూసిన తీరు మాత్రం సరైంది. అంతకు ముందే, 1996లో, సుందరవనాల సాగర్ ద్వీపంలోని కమల్‌పుర్‌లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ సంస్థ 26 కిలోవాట్ల సోలార్ ప్లాంటు పెట్టినప్పుడు కూడా వాడకందారుల కమిటీని పక్కన పెట్టుకునే నడిపింది. మనం కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

మన దగ్గర ఈ పనికి మహిళా సంఘాల సభ్యులను తీసుకోండి. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ చదువురాని పల్లె ఆడవాళ్లకు సోలార్ దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్పి చూపించింది. ఇతర దేశాల నుంచి వచ్చిన ఆడవాళ్లు కూడా అక్కడ నేర్చుకుని తమ ఊళ్లకు వెళ్లారు. పదో తరగతి చదివిన గిరిజన అమ్మాయిలు మీ ఆశ్రమ పాఠశాలల నుంచి ప్రతి ఏడూ బయటకు వస్తున్నారు. వాళ్లకు మల్టీమీటరు పట్టుకోవడం నేర్పించడం ఎంతసేపు? పార్ట్‌టైమ్ జీతమైనా సరే, నెలనెలా ఠంచనుగా ఇవ్వండి. మూడు నెలలు జీతం ఆగిన ఆపరేటరు నాలుగో నెల మిరపకోతకు వెళ్తుంది. ఆమెను తప్పు పట్టలేం.

ప్లాంటు పరిమాణం గురించి ఇంజనీర్లు చెప్పే అంకెలను ఇంటి లోపలి నుంచి చూడండి. నాలుగు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు అయిదు గంటలు, రెండు ఫ్యాన్లు పది గంటలు, చిన్న టీవీ నాలుగు గంటలు, ఫోన్లు. ఫ్యాన్లు 28 వాట్ల బీఎల్‌డీసీ రకమైతే మొత్తం రోజుకు ఒక యూనిట్‌లోపే. అవే ఫ్యాన్లు సంతలో దొరికే పాత 75 వాట్ల రకమైతే ఒక్క ఫ్యాన్లకే యూనిట్‌న్నర. ఊరంతటి మీద లెక్కేస్తే బ్యాటరీని దాదాపు రెట్టింపు చేయాల్సి వస్తుంది. కాబట్టి ప్లాంటుతో పాటు ఇంటికి రెండు మంచి ఫ్యాన్లు ఇవ్వండి. ప్యానెళ్ల మీద పెట్టే ఏ రూపాయీ దీనంత కలిసిరాదు.

ముప్పై ఇళ్లకు ముప్పై యూనిట్లు, బడి, అంగన్‌వాడీ, తాగునీటి మోటారు, వీధి దీపాలకు పది. నలభై యూనిట్లకు మన ఎండలో పది, పన్నెండు కిలోవాట్ల ప్యానెళ్లు చాలనిపిస్తుంది. మామూలు రోజున కిలోవాట్‌కు నాలుగు యూనిట్లు వస్తాయి కనుక. కానీ ముసురు రోజుల్లో అందులో సగం వస్తే గొప్ప. అందుకే 20 కిలోవాట్లు పెట్టండి. ప్యానెళ్లు చవక, బ్యాటరీ ప్రియం. ప్యానెళ్లు ఎక్కువైతే మబ్బుల్లోనూ బ్యాటరీ కొంత నిండుతుంది, దాని ఆయుష్షు పెరుగుతుంది.

అలా చేస్తే ఎండ ఉన్న రోజుల్లో మధ్యాహ్నానికే బ్యాటరీ నిండిపోయి కరెంటు మిగులుతుంది. ఆ మిగులుకు పని చూపించండి. ఊళ్లో చోళ్లు, జొన్నలు పట్టే చిన్న పిండిమర, పసుపు పట్టే యంత్రం, కూరగాయల మడికి మోటారు ఏదైనా కావచ్చు. అరకు, పాడేరు వైపు కాఫీ పండ్లు కోసే కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. అవి మబ్బు తక్కువగా ఉండే నెలలే. పండు తోలు తీసే పల్పర్‌ను ఈ ప్లాంటుకు తగిలిస్తే పండ్లను పండ్లుగానే అమ్ముకునే రైతు పార్చ్‌మెంట్ చేసి అమ్ముకోగలడు. పిండిమర కోసం నెత్తిన మూట పెట్టుకుని కొండ దిగి వెళ్లే ఆడవాళ్లను అడగండి, కరెంటు అంటే వాళ్లకు ముందు గుర్తొచ్చేది బల్బు కాదు.

ఇళ్లు విసిరేసినట్టుగా ఉన్న నల్లమల చెంచు పెంటల్లో, కొండరెడ్ల ఊళ్లలో ఊరంతటికీ ఒకే ప్లాంటు ఉండే మినీగ్రిడ్ కోసం పట్టుబట్టకండి. తీగల ఖర్చు పెరుగుతుంది, చివరి ఇంటికి వోల్టేజీ ఉండదు. అక్కడ ఇంటికో సోలార్ కిట్టే మేలు. అయితే 12 వోల్టుల డీసీ బల్బులు, డీసీ ఫ్యాన్లు వద్దు. అవి కాలిపోతే వారపు సంతలో దొరకవు. అక్కడ దొరికేవన్నీ 230 వోల్టులవే. చిన్న ఇన్వర్టరు కలిపి ఇస్తే బల్బు మార్చుకోవడానికి ఎవరి దయా అక్కర్లేదు.

రేపు గ్రిడ్ వస్తుంది. రావాలి కూడా. అటవీ హక్కుల చట్టం 2006లోని 3(2) సెక్షన్ కింద గ్రామసభ సిఫారసుతో, హెక్టారు లోపు అటవీ భూమిలో కరెంటు లైన్లకు అనుమతి ఇచ్చే వీలుంది. సోలార్ ఇచ్చాం కాబట్టి ఇక లైను అక్కర్లేదని ఏ ఊరి పేరూ జాబితాలోంచి కొట్టేయకండి. అలా కొట్టేస్తారన్న అనుమానమే జనాన్ని సోలార్ మీదకు ఎగదోస్తుంది. లైను వచ్చిన రోజున ప్లాంటు ఏమవ్వాలో ఇప్పుడే రాయండి. ఉత్తరప్రదేశ్ 2016లో తెచ్చిన మినీగ్రిడ్ విధానంలో, గ్రిడ్ వచ్చాక ప్లాంటు యజమాని అక్కడే కొనసాగడమో, డిస్కమ్‌కు కరెంటు అమ్మడమో, ప్లాంటునే అప్పగించడమో ముందే చెప్పారు. మన రెండు రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్ల నుంచి అలాంటి స్పష్టమైన మాట మీరు అడగాలి. టెండర్లో గ్రిడ్‌తోనూ, గ్రిడ్ లేకుండానూ నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరే కావాలని రాస్తే ఆ రోజున ఏదీ పీకేయాల్సిన పని ఉండదు.

గుజరాత్ మెహసాణా జిల్లాలోని మొఢేరాను 2022 అక్టోబరు 9న సోలార్ గ్రామంగా ప్రకటించారు. పక్కనున్న సుజ్జన్‌పురలో 6 మెగావాట్ల ప్లాంటు, 15 మెగావాట్ అవర్ల బ్యాటరీ, ఇళ్ల మీద వెయ్యికి పైగా చిన్న ప్యానెళ్లు. అక్కడ ప్లాంటు, బ్యాటరీ, గ్రిడ్ మూడూ కలిసే ఉన్నాయి. దానికి పెట్టిన ఖర్చు ఏజెన్సీ ఊళ్లకు ఎవరూ పెట్టరు, ఆ సంగతి వేరు. పద్ధతి మాత్రం మనకు పనికొస్తుంది. గాలివానకు చెట్టు పడి అడవి మధ్యలో లైను తెగితే లైన్‌మన్ చేరేసరికి రోజులు పడుతుంది. ఆ రోజుల్లో ఊళ్లోనే బ్యాటరీ ఉంటే ఆరోగ్య కేంద్రంలో టీకాల ఫ్రిజ్ ఆగదు, సెల్ టవర్ ఆగదు, 108కి ఫోన్ కలుస్తుంది.

ఇంకా చిన్న విషయాలు కొన్ని. మన కొండల్లో పిడుగులు ఎక్కువ. ఎర్త్ పిట్, సర్జ్ అరెస్టరు లేకుండా బిల్లు పాస్ చేయకండి. ఎర్త్ రెసిస్టెన్స్ మీ ఎదుటే కొలిపించండి. పాత లెడ్ బ్యాటరీలకు తూకంలో మంచి ధర వస్తుంది, అందుకే అవి మాయమై, ఎక్కడో ఆరుబయట సీసం కరిగించే చోటికి చేరతాయి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని వెనక్కి తీసుకునే బాధ్యత ఉత్పత్తిదారులదే. ఒప్పందంలో ఆ షరతు పెట్టండి.

ఇవన్నీ గ్రామసభ ముందు పెట్టి చెప్పండి. పీసా చట్టం గ్రామసభకు తన ఊరి పథకాలపై మాట చెప్పే హక్కు ఇచ్చింది కాబట్టి చెప్పడం ఒకటైతే, బ్యాటరీ ఎంత ఇవ్వగలదో, ఎంత ఇవ్వలేదో ముందే తెలిసిన ఊరు దాన్ని జాగ్రత్తగా వాడుకుంటుంది. ఇస్త్రీపెట్టె ఎప్పుడు పెట్టొచ్చో, ముసురు రోజుల్లో ముందు ఏది ఆపాలో వాళ్లే నిర్ణయించుకోవాలి. అంగన్‌వాడీ దీపం ఆగకూడదని వాళ్లే అంటారు. ఇంజనీరు వెళ్లి, వాళ్ల భాషలో, కువిలోనో, సవరలోనో, గోండిలోనో మాట్లాడగలిగిన మనిషిని పక్కన పెట్టుకుని ఒక పూట కూర్చోవాలి.

ఒక విన్నపంతో ముగిస్తాను. ఈ ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు మీ ఐటీడీఏ పరిధిలోని ప్రతి సోలార్ ప్లాంటు, ప్రతి ఇంటి కిట్టు వివరాలను మీ కార్యాలయం గోడ మీద, ఆయా పంచాయతీల గోడల మీద రాయించండి: ఎప్పుడు పెట్టారు, బ్యాటరీ ఏ రకం, ఇప్పుడు నడుస్తోందా, ఏఎంసీ ఎప్పటితో తీరుతుంది, బాధ్యుడి ఫోన్ నంబరు ఏమిటి, బ్యాటరీ ఖాతాలో ఈ రోజుకు ఎంత ఉంది. చివరి గడిలో సున్నా ఉన్న ఊళ్ల జాబితాను ప్రభుత్వానికి పంపి, నిధి అడగండి. ఆ ప్రతిని పత్రికలకు కూడా ఇవ్వండి. మా వంటి రిటైరైన వాళ్లం అడిగిన చోటికి వచ్చి బ్యాటరీలు పరీక్షించి పెట్టడానికి, ఆపరేటర్లకు పని నేర్పడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు